చేయి పెట్టని ముప్పై ఒక్క నిమిషాలు

నలభై ఒకటి. గోడ మీది బోర్డులో ఎర్ర అంకె మారగానే ఆమె కాళ్లు వాటంతట అవే లేవబోయాయి, చేతిలోని చీటీ మీద యాభై ఎనిమిది అని ఉన్నట్టు తెలిసి కూడా. కూర్చోవే తల్లీ కూర్చో, బహుమతి ఇస్తామని పిలుస్తున్నారనుకున్నావా అని తనను తానే కసురుకుని మళ్లీ ఇనుప కుర్చీలోకి జారింది. పక్కన భర్త ఒళ్లో ఫైలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఏ తొందరా లేనట్టు కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, పరీక్ష హాల్లో ఎలా కూర్చోవాలో ఆయనకు తెలుసు. ఆమె చదువు పన్నెండో తరగతితో ఆగింది, ఆ తర్వాత రాసిన పరీక్షలన్నీ మిషన్ల ముందు నిలబడి రాసినవే, కూర్చుని రాయడం ఆమెకు అలవాటు లేదు. యాభై ఒక్క ఏళ్లు వచ్చాక ఇలా కాలుగాలిన పిల్లిలా తిరగాలనిపించడం ఏమిటో, నిన్నటి నుంచి అన్నం సహించకపోవడం ఏమిటో, పొద్దున అద్దం ముందు నిలబడి ఊరికే నవ్వుకోవడం ఏమిటో, తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది, బాగానూ ఉంది. కంపెనీ తన పెద్ద అధికారిని వేరే దేశంలో పెట్టిన శాఖకు పంపితే, ఆ అధికారికీ కుటుంబానికీ అక్కడే స్థిరంగా ఉండిపోయే హక్కు ఇస్తారు. ఆ హక్కు కోసం వచ్చింది. ఆమె దరఖాస్తుదారు, ఆయన డిపెండెంటు. ఈ హాల్లో ఉన్నవాళ్లంతా అలాంటి పెద్ద అధికారులే, కోట్లూ మెరిసే బూట్లూ సన్నటి కళ్లజోళ్లూ. ఒక్క ఆమె మాత్రం చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, అల్లరి చేస్తుందని టీచరు కట్టడి చేసిన పిల్లలాగా.

నలభై నాలుగు. లోకులు ముఖాలు చూస్తారు, ఆమె జిప్పులు చూస్తుంది. ముప్పై రెండేళ్లుగా జిప్పుల ఫ్యాక్టరీలో ఉన్న మనిషికి ఇంకేం కనిపిస్తుంది. ఎదుటి వరుసలో పిల్లను ఎత్తుకున్న తల్లి జాకెట్టుది నైలాను జిప్పు, పట్టీ రంగు బట్ట రంగుతో కలవలేదు, రంగు కలిపినవాడు ఆ రోజు కునుకు తీసి ఉంటాడు. తలుపు దగ్గర కాపలా మనిషి బూట్లకు ఇత్తడి జిప్పు, లావు పళ్లు, మంచి సరుకు, బూటు చిరుగుతుంది కానీ అది చెడదు. మూల కుర్చీలో బట్టతల పెద్దాయన తోలు బ్యాగుకు మాత్రం అడ్డదిడ్డంగా కుట్టిన జిప్పు, అది ఏదో ఒక రోజు కరుస్తుంది. ఇంతమంది ఇన్ని దేశాలు దాటి పోతూ వస్తూ ఉంటారే, వీళ్ల సామానూ కాగితాలూ మానమర్యాదలూ అన్నీ రెండు వరుసల పళ్ల మీద నిలబడి ఉన్నాయని ఒక్కరికైనా తోచదు. తోచక్కర్లేదు. తోచిందంటే ఆ జిప్పు సరిగా పని చేయడం లేదని. పోయిన ఏడాది మామూలు వ్యాపార వీసా మీద పది రోజులు ఆ దేశం వెళ్లి, శాఖ కోసం కట్టిన కొత్త షెడ్డు చూసి వచ్చింది. ఆ వీసాకు కూర్చుని మాట్లాడటం వరకే అనుమతి, పని చేయకూడదు. చేద్దామన్నా అక్కడ ఒక్క మిషనైనా లేదు. నున్నటి నేల, ఎత్తైన కప్పు, కొత్త సిమెంటు వాసన. ఈ చివర నిలబడి ఓహో అంటే ఆ చివర నుంచి తన గొంతే తిరిగి వచ్చి పలకరించింది. వెంట వచ్చినవాళ్లు చూస్తుండగానే చెప్పులు విడిచి అడుగులతో కొలిచింది. పళ్లు కొట్టే మిషన్లు ఇక్కడ, రంగు తొట్లు అదిగో ఆ గోడకు, కోత మిషన్లు ఈ వరుసలో, రన్నర్లు ఎక్కించే బల్లలు మాత్రం కిటికీల పక్కన. రన్నరంటే జిప్పు మీద పైకీ కిందికీ నడిచే ముక్క, దాన్ని పట్టీకి ఎక్కించడం కళ్లు పోయే పని, వెలుతురు కావాలి. పందొమ్మిదేళ్ల వయసులో వెలుతురు లేని మూల కూర్చుని మూడేళ్లు రన్నర్లు ఎక్కించింది తాను. అప్పుడే అనుకుంది, నాకే గనక ఒక ఫ్యాక్టరీ ఉంటే ఈ బల్ల కిటికీ పక్కన వేస్తాను అని. అనుకోవడానికి పన్ను లేదు కదా. ఇప్పుడు ఆ కిటికీలున్నాయి, ఆ గోడలున్నాయి, ఏ బల్ల ఎక్కడో నిర్ణయించేది తానే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అప్పుడే బల్లలు సర్దేస్తున్నావా అని ఇంట్లో అక్క వెక్కిరించింది. సర్దేసింది మరి. రాత్రికి రాత్రి మార్చి మళ్లీ సర్దింది. సంతోషం ఒంట్లో పట్టక ఎటో ఒకవైపు పొంగాలిగా.

నలభై తొమ్మిది. నీళ్లు తాగుతావా, అని భర్త కళ్లు తెరవకుండానే అడిగాడు. వద్దంది. నీళ్లు దిగవు. ఆర్నెల్ల కిందట ఇదే హాలు, ఇదే వరుస, అప్పుడు మూడో కిటికీ. ఆ రోజు ఏ భయమూ లేదు, అదే కొంప ముంచింది. కిటికీ వెనక కుర్రాడు, పెద్దమనిషి తరహా, చక్కగా నవ్వుతూ అడిగాడు, ఫ్యాక్టరీలో మీరు ప్రత్యేకంగా ఏం చేస్తారండీ అని. ముప్పై రెండేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అంత గౌరవంగా అడగలేదు. అడిగిందే తడవు, కట్ట తెగిన చెరువులా చెప్పేసింది. నలభై రెండు మిషన్లున్నాయండీ, దేన్నైనా కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాను, లైను ఆగితే మూడుసార్లు హారను కొడతారు, మూడుసార్లు కొట్టారంటే నేను రావాలని అర్థం, జనరల్ మేనేజరునైనా సరే పరిగెత్తుకుంటూ వెళ్లి చేయి పెడతాను, నేను చేయి పెడితే పది నిమిషాల్లో లైను నడుస్తుంది, నాలాగా చేసేవాళ్లు ఆ ఫ్యాక్టరీలో ఇంకొకరు లేరండీ. కుర్రాడు మెచ్చుకోలుగా తలూపుతూ అంతా రాసుకున్నాడు. ఎంత వివరంగా రాసుకుంటున్నాడో పాపం అని ఆమె మురిసిపోయింది. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు అసాధారణ నైపుణ్యం గల మెకానిక్కు అని మేము నమ్ముతున్నాము, కార్యనిర్వాహక అధికారి అని నమ్మడానికి ఆధారం కనిపించలేదు. పెద్ద అధికారి అంటే పని చేసేవారు కాదట, చేసేవారి మీద ఉన్నవారి మీద ఉండేవారట. భర్త ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, నీ జీవితంలో ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదోయ్, పటం కట్టిద్దాం అన్నాడు. ఆమె నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ వంటింట్లోకి వెళ్లి బావురుమని ఏడ్చింది. తన గొప్ప అనుకున్నదే తనకు అడ్డం పడింది, ఎవరి మీద కోప్పడాలి.

కోప్పడటానికి ఒక మనిషి దొరికాడనుకోండి. కంపెనీలో లెక్కల విభాగం పెద్ద, నిద్రలో కూడా విప్పడని అందరూ అనుకునే టై వల్ల ఆయనకు టై అనే పేరు ఖాయమైపోయింది. షెడ్డు వచ్చే నెల మొదటి తారీఖున తెరవాలి. ఈసారీ కాదంటే టైని పంపుతాను, ఇంకో దారి లేదమ్మా, అని యజమాని పెద్దాయన బాధపడుతూనే చెప్పేశాడు. టై మంచివాడే, కాదనదు. కానీ తన ప్యాంటుకున్నది తప్ప మరో జిప్పును చేత్తో ముట్టిన మనిషి కాదు. రన్నర్ల బల్లలు ఎక్కడ వేద్దామంటే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అంటాడు. ఆ షెడ్డు మొదటి రోజే చీకటి మూలలతో పుడుతుంది, ఒకసారి మిషన్లు నేలకు బిగించాక ఇక కదిలించేవాళ్లుండరు, ఏ ఊరి పిల్లలో ఏమో పందొమ్మిదేళ్లవాళ్లు వచ్చి ఆ మూలల్లో కూర్చుని కళ్లు చిట్లించుకుంటారు. కాగితాల మీద చూస్తే టైకి వీసా చిటికెలో వస్తుంది, చేత్తో ఏ పనీ చేయకపోవడంలో ఆయన్ని మించినవారు లేరు.

ఆ తర్వాత లాయరమ్మ దొరికింది. వయసులో చిన్నది, మాటలో పెద్దది. ఏం చెప్పాలో నేర్పమ్మా, చిలకలా అప్పజెప్తాను అంటే, "చెప్పడం కాదు మేడమ్, వాళ్లు మీ ఫ్యాక్టరీ పుస్తకాలు తెప్పించుకుంటారు. ముందు మీరు మరమ్మతులు నిజంగా మానేయాలి" అంది. లైను ఆగినప్పుడల్లా ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి నడిచింది, ఎవరు సరిచేశారు అని రాసే లావుపాటి పుస్తకం ఒకటుంది. దాన్ని తిరగేస్తే సంతకాలన్నీ ఆమెవే. మొన్నటి దాకా అది చూసుకుని పొంగిపోయేది, ఆ రోజు చూస్తే తప్పు చేసి పట్టుబడ్డట్టు అనిపించింది. పదకొండు మంది సూపర్వైజర్లున్నారు తన కింద, ఒక్కరి సంతకమైనా లేదు. నేర్పలేదు కాబట్టే కదా నేర్చుకోలేదు వాళ్లు. హారను తీయించేసింది. లైను ఆగితే నన్ను పిలవకండి అని చెప్పింది. అందరికంటే ముందు నోరు తెరిచి అడిగింది సూది. సూది అంటే రెండో షెడ్డు సూపర్వైజరు, సన్నగా ఉంటుందనీ, మాట గుచ్చుతుందనీ. "మరి ఎవరిని పిలవాలక్కా?" "నిన్ను." "నన్ను నేను ఎలా పిలుచుకోను?" అని వెళ్లి మిషను ముందు నిలబడి ఏడ్చింది. మొదటి నెల నరకం. యాభై నిమిషాలు, గంటన్నర, ఒకసారి పూట పూటంతా. గాజు తలుపు అవతల నిలబడి చూస్తుంటే, అటు కాదే, ఎడమ మర, ఎడమ మర అని నాలుక చివరిదాకా వచ్చేది. చేతులు వెనక్కి కట్టుకుని ఒక చేతితో ఇంకో మణికట్టు పట్టుకుని నిలబడేది, పట్టుకున్న చోట గోళ్ల గుర్తులు పడేవి. సాయంత్రాలు నేర్పేది, నోటితో మాత్రమే. తాను ముప్పై ఏళ్లుగా వేలితో తెలుసుకున్నది నోటితో చెప్పడమంటే ఉప్పు రుచి ఎలా ఉంటుందో చెప్పడం లాంటిదని అప్పుడు తెలిసింది. భర్త పాపం ఆ రోజుల్లో ఎంత సహాయం చేశాడో. ముప్పై ఏళ్లు బోర్డు ముందు నేను చేసింది అదేనోయ్, లెక్క నేను చేసేస్తే రెండు నిమిషాలు, వాడు చేసేదాకా నోరు మూసుకుని నిలబడాలంటే ప్రాణం పోతుంది అన్నాడు. తన మొగుడు ఇన్నేళ్లు ఇంత కష్టమైన పని చేస్తున్నాడని ఆమెకు ఆ రోజుదాకా తోచలేదు.

యాభై రెండు, అయిదో కిటికీ. బట్టతల పెద్దాయన లేచాడు, లేస్తూ తోలు బ్యాగు జిప్పు లాగాడు. లాగాడు, మళ్లీ లాగాడు. కరిచింది. లోపలి అస్తరు గుడ్డ పళ్ల మధ్య ఇరుక్కుంది, ఇక్కడి నుంచే కనిపిస్తోంది. కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి కాబోలు, మనిషి ముఖం పాలిపోయింది. మూడుసార్లు పిలిచినా వెళ్లకపోతే ఆ చీటీ చెల్లదు, మళ్లీ తేదీ దొరకడానికి ఎన్ని నెలలో. ఆమె చేతులు తొడల కింద కదిలాయి. భర్త ఒక కన్ను తెరిచి, "వద్దు" అన్నాడు. వద్దు, నిజమే, అయిదు కిటికీల ముందు, అందులోనూ నేను చేత్తో ఏ పనీ చేయనండీ అని చెప్పడానికి వచ్చిన రోజున. యాభై రెండు, రెండోసారి. "లాగకండి బాబూ, ముందు వెనక్కి రానివ్వండి" అంది కూర్చున్న చోటి నుంచే. ఆయన వినలేదు, ఇంకా గట్టిగా లాగాడు. ఇంకో లాగుడుకు రన్నరు ఊడిపోతుంది, అప్పుడు బ్యాగు కోయాల్సిందే, కోయడానికి ఇక్కడ కత్తి ఎవడిస్తాడు. ఆయన కాగితాల మీద ఆయన పిల్లల భవిష్యత్తు ఉందో, ముసలివయసులో ఆయన పెట్టుకున్న ఆశే ఉందో. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. భర్త జేబులోంచి పెన్సిల్ లాక్కుని, బ్యాగు మోకాలి మీద పెట్టుకుని, పళ్లు జారేలా వాటి మీద పెన్సిల్ మొన రుద్ది, గుడ్డను కిందికి బిగించి పట్టి, రన్నరును గోటితో వెనక్కి తట్టింది. ఒకటి, రెండు. సర్రుమని తెరుచుకుంది. ఆహా ఆ చప్పుడు, ఆర్నెల్లైంది ఆ చప్పుడు తన చేతి కింద విని. ఆయన థ్యాంక్సు చెప్పడం కూడా మరిచి కాగితాలు గుండెకు అదుముకుని పరిగెత్తాడు. ఆమె నవ్వుకుంటూ తల ఎత్తింది, ఎత్తేసరికి అయిదో కిటికీ వెనక ఆఫీసరమ్మ, నెత్తి మీదికి తోసిన కళ్లజోడు కిందికి దించుకుని మరీ, ఆమెనే చూస్తోంది.

అయిపోయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల. భర్త పెన్సిల్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏదైనా అనండి అంది. "చూడముచ్చటగా చేశావు" అన్నాడు. యాభై మూడు నాలుగో కిటికీ. యాభై నాలుగు రెండు. దేవుడా అయిదో కిటికీ వద్దు, ఆ కుర్రాడి కిటికీ అయినా ఫరవాలేదు. యాభై అయిదు, యాభై ఆరు, రెండూ వేరే కిటికీలకు. భయపడాలి కదా, మరి ఈ ఒళ్లు భయపడటం లేదేమిటి, రంకెలేస్తోంది. జిప్పు తెరుచుకున్న ఆ సర్రుమనే చప్పుడు వేళ్ల చివర్ల నుంచి భుజాల దాకా పాకుతూనే ఉంది, ఏమైనా కానీ, అడగనీ, చెప్తాను, ఉన్నదున్నట్టు చెప్తాను. యాభై ఏడు మూడో కిటికీ. యాభై ఎనిమిది. అయిదో కిటికీ.

"ఇందాక ఆ బ్యాగు తెరిచింది మీరే కదా?"

లాయరమ్మ వల్లె వేయించిన ప్రశ్నల్లో ఇది లేదు. "నేనేనండీ."

"ఈ కాగితాల్లో మీరు స్వయంగా మరమ్మతులు చేయరని రాశారు."

"ఆ బ్యాగు మా ఫ్యాక్టరీలోది కాదండీ. మా ఫ్యాక్టరీలో అయితే చేయి పెట్టను."

ఆఫీసరమ్మ పెదవి కొద్దిగా కదిలిందో లేదో. కట్ట తీసి ఒక్కొక్క కాగితం తిప్పింది. "మీ లైను ఆఖరిసారి ఎప్పుడు ఆగింది?"

"పోయిన గురువారం. పదకొండూ నాలుగు నిమిషాలకు."

"మీరేం చేశారు?"

"ఏమీ చేయలేదండీ. ముప్పై ఒక్క నిమిషాలు ఏమీ చేయలేదు." అని ఆగుదామనుకుంది, ఆగలేకపోయింది, గురువారం మొత్తం నోటికి వచ్చేసింది. రెండో షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది, ఆ నిశ్శబ్దం చెవిలో పడితే చాలు ఆమె గుండె కుర్చీలోంచి లేచి వెళ్లిపోతుంది. శరీరాన్ని మాత్రం కూర్చోబెట్టింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. అయిదు నిమిషాలు. ఆగిన చప్పుడును బట్టే ఎక్కడ తప్పో తెలిసిపోయింది, పళ్లు కొట్టే అచ్చు ఒక వెంట్రుక వాసి జరిగింది, వెళ్తే నాలుగు నిమిషాల పని. పది. ఎవరో సుత్తి తెమ్మంటున్నారు, సుత్తా, అయ్యో వద్దే. పదిహేను. సుత్తి వద్దు, అన్న గొంతు సూదిది. ఇరవై. వెళ్దామా. కంపెనీ నష్టపోతోంది, ఎవరి కోసం ఈ నాటకం, నీ వీసా కోసమా. కాదు. వీసా కోసమే మొదలుపెట్టింది, దాచుకోవడం ఎందుకు, కానీ ఆ ఇరవయ్యో నిమిషంలో ఆమెకు వీసా గుర్తు లేదు, ఆ పిల్ల గెలవాలి అన్నదొక్కటే ఉంది. ఇరవై అయిదు. తలుపు తోసుకుని టై వచ్చాడు, మేడమ్ లైను ఆగింది, మీరేంటి కూర్చున్నారు అని. పని చేస్తున్నానండీ, కాసేపు మాట్లాడకండి అంది. ముప్పై. ముప్పై ఒకటి. టక్ అంది ఒక మిషను. ఆగింది. టక్ టక్ అంది. ఆ తర్వాత షెడ్డు షెడ్డంతా వానలా అందుకుంది. ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది, సంతోషం ముప్పాతిక, అసూయ పాతిక. "ముప్పై రెండేళ్లలో నేను చేసిన కష్టమైన పని అదేనండీ" అంది కిటికీ గాజుతో, ఊపిరి అందక.

ఆఫీసరమ్మ పుస్తకం నకలు తీసి గురువారం దగ్గర వేలు పెట్టింది. "ఈ సంతకం?"

"మా సూపర్వైజరుదండీ. మిగతా పదిమందీ ముందే పెట్టారు, ఆ పుస్తకంలో ఇది తన మొదటి సంతకం. మూడుసార్లు కొట్టివేసి రాసింది, చూడండి."

"మీరు వెళ్లిపోతే ఈ ఫ్యాక్టరీ?"

"నడుస్తుందండీ." అని గోడ గడియారం చూసింది. "నేను ఇప్పుడు ఇక్కడే ఉన్నాను కదా. నడుస్తూనే ఉంది."

ఆఫీసరమ్మ చాలాసేపు రాసింది. కలం మూసింది. కిటికీ కింద ఉన్న పచ్చటి గాజు పలక చూపించి, కుడిచేతి నాలుగు వేళ్లు పెట్టండి అంది. అప్పుడు వెలిగింది ఆమెకు, పోయినసారి తాను ఈ గాజు దాకా రానేలేదు. కాదనేవాళ్లకు వేలిముద్రలెందుకు తీసుకుంటారు, అవునన్నవాళ్లకే తీసుకుంటారు. కిటికీలు, కిటికీలు, పొడవాటి కిటికీల వరుస, వాటి పక్కన బల్లలు, బల్లల మీద పొద్దుటి ఎండ, కాళ్లు నేల మీద నిలవడం లేదు. వేళ్లు పెట్టింది. ఎర్ర దీపం. తుడిచి పెట్టండి. తుడిచి పెట్టింది. ఎర్ర దీపం. ఎడమచేయి. ఎర్ర దీపం. బొటనవేళ్లు. ఎర్ర దీపం, దానికి తోడు కీచుమని ఒక చప్పుడు. ఆఫీసరమ్మ ముందుకు వంగి ఆమె వేళ్లు పట్టుకుని దీపం వెలుతురుకు తిప్పింది. "వీటి మీద గీతలేవండీ?"

గీతలా. జిప్పు మంచిదో కాదో చూడాలంటే ఎడమచేతి వేళ్లన్నిటితో పట్టీ బిగించి లాగుతూ కుడిచేతి వేళ్లు పళ్ల మీద పరిగెత్తించాలి, కంటికి దొరకని తప్పు వేలికి దొరుకుతుంది. రోజుకు వెయ్యో, రెండు వేలో, ముప్పై రెండేళ్లు. గీతలు ఏ జిప్పుల వెంట ఏ దేశాలు పోయాయో ఎవరికి తెలుసు. చూసుకుంటే నిజంగానే నున్నగా ఉన్నాయి, అరిగిన మెట్లలాగా. నోటితో గెలిచింది, చివరికి ఈ చేతులే పట్టించేశాయి. "కలిపి కాదు, ఒక్కొక్కటే పెట్టండి, ఒక్క వేలైనా పడాలి" అంది ఆఫీసరమ్మ, ఆవిడ గొంతులోనూ ఆత్రం వినిపిస్తోంది. "ఒక్కటి పడితే మిగతావి అరిగిపోయాయని రాసుకుంటాం. ఒక్కటీ పడకపోతే ఫైలు పై ఆఫీసుకు పోతుంది. మూడు నెలలు పడుతుంది." మూడు నెలలు. మొదటి తారీఖుకు ఇరవై రోజులే ఉన్నాయి. చూపుడువేలు, ఎర్ర దీపం. నడిమివేలు, ఎర్ర దీపం. ఉంగరం వేలు, ఎప్పుడో ఆ ఉంగరం కూడా పనికి అడ్డమని తీసేసింది, ఎర్ర దీపం. ఇంకో చేయి. బొటనవేలు మళ్లీ. పెట్టు, పెట్టు, ఒకటైనా, ఇంతకాలం నన్ను మోశారు, ఇంకొక్కసారి. ఇక మిగిలింది కుడిచేతి చిటికెనవేలు. పెట్టింది. గాజు కింద వెలుతురు ఒకసారి అటు, ఒకసారి ఇటు పాకింది.

పచ్చ దీపం.

తెర మీద చక్కటి గీతలు, సుడులు తిరిగి, చిన్నపిల్ల వేలిలాగా, ఒక్కటంటే ఒక్క గీత చెరగలేదు. ఆమె ఆ తెరను చూసింది, తన వేలిని చూసుకుంది, ఇక ఆగలేదు. "మేడమ్, జిప్పు మీద వేళ్లు పరిగెత్తించేటప్పుడు ఇది పైకి లేచి ఊరికే చూస్తూ ఉంటుందండీ. ముప్పై రెండేళ్లలో ఒక్క రోజు పని చేయలేదు. మీ రూలు ప్రకారం నా పదివేళ్లలో పెద్ద అధికారి ఇదొక్కటేనండీ."

ఆఫీసరమ్మ నవ్వింది, నవ్వు ఆపుకోవడానికి నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని, పక్క కిటికీల వాళ్లు తలలు తిప్పేదాకా నవ్వింది. నవ్వుతూనే ముద్ర తీసి కాగితం మీద దబ్బుమని వేసింది. "సరేనమ్మా. దానికి శాశ్వత నివాసం ఇస్తున్నాను. మిగతా తొమ్మిదింటినీ డిపెండెంట్లుగా వెంట తీసుకెళ్లండి."

ఆమె వెనక్కి తిరిగింది. ఆర్నెల్లుగా వీపు వెనక, తొడల కింద, కొంగు చాటున దాచుకుంటూ వచ్చిన చేతులు రెండూ ముందుకు చాచి, వేళ్లన్నీ విప్పి, ఆ కోట్ల మధ్య నుంచి, కళ్లజోళ్ల మధ్య నుంచి, దాదాపు పరిగెత్తుతూ వెళ్లింది. భర్త లేచి నిలబడ్డాడు, ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆయన ముఖం మాడిపోయింది. ఏమన్నారు, ఏమన్నారు అని తడబడ్డాడు. ఆమె ఆ అరిగిన వేళ్లతో ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"వెళ్తున్నామండీ! కాకపోతే డిపెండెంట్లలో మీరు పదోవారు."